క్లిప్పులు వేశాక ‘స’, ‘చ’, ‘జ’ సరిగ్గా పలకడం లేదా? ముందు ఏ అక్షరం పోతోందో చూడండి

మీరు రాసింది మొత్తం చదివాను. బీటెక్ చివరి సంవత్సరం. నాలుగు పళ్లు తీసి, రెండు వారాల క్రితం పైనా కిందా క్లిప్పులు వేశారు. వెనక దవడ పళ్ల మీద నీలం రంగు సిమెంటు పెట్టారు. అప్పటినుంచి ‘స’ అంటే ఈల వస్తోంది, ‘చ’, ‘జ’ అంటే తడితడిగా బుస కొడుతోంది. వచ్చే నెల క్యాంపస్ ఇంటర్వ్యూలు. అలవాటయ్యేదాకా తక్కువ మాట్లాడమని ఇంట్లో చెబుతున్నారు. ఇంటర్వ్యూలు అయ్యేదాకా క్లిప్పులు తీయించేస్తేనో అని మీకు అనిపిస్తోంది. స్పీచ్ థెరపీకి వెళ్లాలా అనేది మీ ఆఖరి ప్రశ్న.

క్లిప్పులు తీయించకండి. తక్కువ మాట్లాడమన్న సలహా కూడా పాటించకండి, మీకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. థెరపీ ఇప్పుడే అక్కర్లేదు, ఎప్పుడు అవసరమో చివర్లో చెబుతాను. నేను విజయవాడలో స్పీచ్ థెరపిస్టుని. ఆర్థోడాంటిస్టులు, అంటే క్లిప్పులు వేసే పళ్ల డాక్టర్లు, పంపే పేషెంట్లను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. అందరూ మొదట అనే మాట ఒకటే, ‘క్లిప్పుల వల్ల మాట పోయింది’ అని. నోట్లో పెట్టింది ఒక్క వస్తువు కాదు. పళ్లకు అంటించే చిన్న బిళ్లలు (బ్రాకెట్లు), వాటిని కలిపే తీగ, బ్యాండ్లు, సిమెంటు, కొందరికి అంగిలి మీద కమ్మీ, ఇలా చాలా ముక్కలు ఉంటాయి. ఒక్కో ముక్క ఒక్కో రకం అక్షరాలను దెబ్బతీస్తుంది. ఏ అక్షరం పోతోందో చూసుకుంటే ఏ ముక్క కారణమో దాదాపు తెలిసిపోతుంది, ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

మామూలు క్లిప్పుల్లో బ్రాకెట్లు పళ్ల బయటి వైపు, అంటే పెదవుల వైపు ఉంటాయి. నాలుక పనిచేసేది లోపలి వైపు. ‘త, ద, న’ పలికేటప్పుడు నాలుక కొన పై పళ్ల వెనక భాగాన్ని తాకుతుంది, అక్కడ ఏమీ అంటించలేదు. ‘ట, డ, ణ, ళ’లకు నాలుక కొన పైకి మడిచి అంగిలిని తాకుతుంది, మీకు అక్కడా ఏమీ లేదు. కాబట్టి బయటి బ్రాకెట్లు ఇబ్బంది పెట్టేది ముఖ్యంగా పెదవులతో పలికే అక్షరాలనే. ‘ప, బ, మ’లకు రెండు పెదవులూ కలవాలి. బ్రాకెట్లు పెదవిని కొంచెం ముందుకు తోస్తాయి కాబట్టి మొదటి రోజుల్లో పెదవులు పూర్తిగా మూతపడవు, మూసినా బిగుతుగా అనిపిస్తుంది. ‘వ’కీ, ‘ఫోన్’, ‘ఆఫీస్’లో వచ్చే ‘ఫ’కీ కింది పెదవి పై పళ్ల అంచుకు తగలాలి, మధ్యలో బ్రాకెట్ గుచ్చుకుంటే పెదవి వెనక్కి తగ్గుతుంది. ఇవి సాధారణంగా చాలా త్వరగా సర్దుకుంటాయి. మీరు వీటి గురించి ఒక్క మాట కూడా రాయలేదు, అంటే మీకు అవి అప్పుడే సర్దుకున్నట్టే.

మీ ఇబ్బంది ‘స, చ, జ’లతో. ‘స’ పలకడం నోటికి చాలా కష్టమైన పని. నాలుక అంచులు రెండూ పై దవడ పళ్ల లోపలి వైపు ఆనుకుని గాలి పక్కలకు పోకుండా ఆపాలి. మధ్యలో సన్నటి కాలువ లాంటి దారి మిగలాలి. ఆ దారిలో వచ్చిన గాలి ముందు పళ్ల అంచుకు తగిలి చీలితేనే ‘స్‌స్’ అనే పదునైన శబ్దం వస్తుంది. ఇంకో షరతు కూడా ఉంది: పై పళ్లూ కింది పళ్లూ దాదాపు ఆనుకునేంత దగ్గరికి రావాలి. అద్దం ముందు నిలబడి ‘స’ అని సాగదీసి చూడండి, తర్వాత నోరు కొంచెం తెరిచి అదే పలకండి. శబ్దం వెంటనే మొద్దుబారుతుంది.

ఇక్కడే మీ నీలం సిమెంటు గుర్తొస్తుంది. దాన్ని బైట్ టర్బో అనో బైట్ బ్లాక్ అనో అంటారు. పై పళ్లు కింది బ్రాకెట్ల మీద కొరికి వాటిని ఊడగొట్టకుండా, లోతుగా పడిన కాటు (పై పళ్లు కింది పళ్లను మరీ ఎక్కువగా కప్పేయడం) విడిపోయేలా పెడతారు. అది ఉన్నంతకాలం మీ పళ్లు పూర్తిగా కలవవు. ముందు పళ్ల మధ్య ఇదివరకు లేని సందు ఏర్పడుతుంది, ‘స’కు కావలసిన ఆ దగ్గరితనం పోతుంది. క్లిప్పులు వేసుకున్న స్నేహితులెవరికీ రాని ఈల మీకే ఎందుకొచ్చిందని రాశారు కదా, నాకు కనిపిస్తున్న మొదటి కారణం ఇదే. మీ స్నేహితులకు సిమెంటు పెట్టి ఉండరు.

రెండో కారణం తీసేసిన పళ్లు. క్లిప్పుల కోసం నాలుగు పళ్లు తీశారంటే సాధారణంగా అవి కోరపళ్ల వెనక ఉండే చిన్న దవడ పళ్లు. నాలుక అంచు ఆనుకోవలసిన గోడలో అటొకటి ఇటొకటి కిటికీలు తెరిచినట్టయింది. గాలి పక్కలకు పోతుంది. మీరు ‘తడితడిగా బుస’ అన్నది ఈ పక్కగాలి శబ్దమే. మధ్యలోంచి పోయే గాలి ఎక్కువైతే ఈల వస్తుంది, పక్కలనుంచి పోతే బుస వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, సాధన చేసేటప్పుడు పనికొస్తుంది.

మూడోది చాలామంది గమనించరు. చివరి దవడ పళ్లకు బ్రాకెట్ బదులు ఉంగరం లాంటి బ్యాండ్ వేసి ఉంటే, దాని లోపలి వైపు కూడా చిన్న కొక్కెమో గొట్టమో ఉండవచ్చు. నాలుక అంచు సరిగ్గా ఆనవలసిన చోట అది గీరుకుంటుంది. గీరుకున్న చోటికి నాలుక వెళ్లనంటుంది. దూరంగా జరుగుతుంది, దానితో ఆ పక్కనుంచి గాలి జారుతుంది. వేలు పెట్టి తడిమి చూడండి, పుండు ఉంటే కనబడుతుంది. అక్కడ కొంచెం ఆర్థో వ్యాక్స్ (క్లిప్పులు గీరుకోకుండా పెట్టే మైనం) పెట్టుకుని, రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే నాలుక మళ్లీ ధైర్యంగా అక్కడికి వెళ్తుంది. పుండు తగ్గకుండా ఎంత సాధన చేసినా నాలుక తప్పించుకునే దారినే నేర్చుకుంటుంది, కాబట్టి ముందు దాని సంగతి చూడండి. వ్యాక్స్ మరీ పెద్ద ముద్దగా పెట్టకండి, ఆ ముద్దే మాటకు అడ్డం వస్తుంది.

లాలాజలం సంగతి కూడా చెప్పాలి. కొత్త వస్తువు నోట్లోకి రాగానే నోరు దాన్ని తిండి అనుకుని ఎక్కువగా ఊరుతుంది. మొదటి వారాల్లో మాట తడిగా వినిపించడానికి ఇదీ ఒక కారణం. మాట్లాడే ముందు ఒకసారి మింగండి, అంతే. ఇది తనంతట తానే తగ్గుతుంది.

ఇప్పుడు టెన్షన్ సంగతి. మీకు వినిపిస్తున్నంత తేడా ఎదుటివాళ్లకు వినిపించడం లేదు, ఇది ఓదార్పుకు అంటున్న మాట కాదు. ఒంట్లో స్పర్శ చాలా సున్నితంగా ఉండే చోట్లలో నాలుక కొన ఒకటి. మిల్లీమీటరు మందం ఉన్న సిమెంటు దానికి గుట్టలా తెలుస్తుంది. పైగా మీరు ప్రతి ‘స’ కోసం ముందుగానే కాచుకుని వింటున్నారు, ఎదుటివాళ్లు మీరు చెప్పే విషయం వింటున్నారు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను మొదట చేయించే పని, ఇంట్లో ఎవరైనా ఒకరికి వీపు తిప్పించి ఒక పేరా చదివి వినిపించి, ఏ మాటలు అర్థం కాలేదో అడగమనడం. సాధారణంగా అన్నీ అర్థమవుతాయి. శబ్దం మారడం వేరు, మాట అర్థం కాకపోవడం వేరు. ఇంటర్వ్యూలో లెక్కకొచ్చేది రెండోదే.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. క్లిప్పులు వేసుకున్న కొన్ని రోజులకే చాలామంది, అందులోనూ మీ వయసు అమ్మాయిలు, పెదవులు దగ్గరగా ముడిచి, గొంతు తగ్గించి, త్వరత్వరగా ముగించేలా మాట్లాడటం మొదలుపెడతారు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ‘స’ ఉన్న మాట వస్తుందని ఇంకో మాట వెతుక్కుంటారు. క్లిప్పుల వల్ల వచ్చిన తేడా వారాల్లో పోతుంది, ఈ అలవాట్లు క్లిప్పులు తీసేశాక కూడా మిగిలిపోవడం నేను చూశాను. ఎదుటివాళ్లకు అర్థం కాకుండా చేసేవి కూడా ఇవే. చిన్న గొంతుతో, మూసిన పెదవులతో, వేగంగా చెబితే క్లిప్పులు లేనివాళ్ల మాటైనా తెలియదు. తక్కువ మాట్లాడమన్న సలహా మీద నాకు కోపం అందుకే. నాలుక తన కొత్త దారిని మాట్లాడుతూనే నేర్చుకుంటుంది. నోరు మూసుకుని కూర్చుంటే నేర్చుకునే అవకాశమే లేదు.

ఇక సాధన. ముందు ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఫోన్ నోటికి ఒక అడుగు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి, నోటికి ఎదురుగా పెడితే ఊపిరి తగిలి ‘స’ ఉన్నదానికంటే ఘోరంగా వినిపిస్తుంది. పేపర్‌లోంచి ఒక పేరా ఎంచుకుని, రెండు మూడు రోజులకోసారి అదే పేరా చదివి దాచుకోండి. రోజూ వింటే తేడా తెలియదు, మొదటి రికార్డు, పదిహేనో రోజు రికార్డు పక్కపక్కన వింటే తెలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు పెన్ను పట్టుకుని, తేడాగా వచ్చిన ప్రతి అక్షరం కింద గీత గీయండి. ఈలా, బుసా అనేది కూడా రాయండి.

తెలుగువాళ్లకు ‘స’ తిరిగి సాధించడానికి ఒక మంచి మెట్టు భాషలోనే ఉంది. ‘చలి, చాప, చుక్క, చోటు’ అన్నప్పటి ‘చ’ వేరు, ‘చీమ, చెట్టు, చేప’ అన్నప్పటి ‘చ’ వేరు. మొదటిది పళ్ల దగ్గర పుడుతుంది: నాలుక కొన ‘త్’ అన్నట్టు ఆని, వెంటనే ‘స్’లోకి జారుతుంది. రెండోది అంగిలి దగ్గర పుడుతుంది. ‘జామ, జున్ను, జోల’కూ, ‘జిడ్డు, జేబు’కూ ఇదే తేడా. ‘స’ పోయినవాళ్లకు థెరపీలో మేం నేర్పించేది ‘త్’ నుంచి ‘త్స్’కి, అక్కణ్నుంచి ‘స్’కి వెళ్లడం. ‘చలి’ సరిగ్గా వచ్చే ఇళ్లలో పెరిగినవాళ్లకు మధ్య మెట్టు పుట్టుకతోనే ఉన్నట్టు.

కాబట్టి ఇలా చేయండి. ‘త, త, త’ అని గట్టిగా, తేటగా పలకండి. మీకు అది బాగానే వస్తోంది కాబట్టి నాలుక కొనకు స్థానం గుర్తొస్తుంది. తర్వాత ‘చలి, చాప, చుక్క’. ‘చ’ను సాగదీసి దాని తోకను వినండి, ‘త్స్‌స్‌స్’. ఆ తోకనే పట్టుకుని ‘సలి, సాప, సుక్క’ అని మారుస్తూ వెళ్లండి. పల్లెల్లో కొందరు అలాగే పలుకుతారు, కాబట్టి నోటికి కొత్తగా ఉండదు. అక్కణ్నుంచి ‘సంచి, సాయంత్రం, సున్నం, సొరకాయ’. చివరికి వాక్యాలు. ‘సోమవారం సాయంత్రం సరస సంచీలో సీసా సర్దింది’ లాంటివి మీరే కట్టుకోండి, అర్థం ముఖ్యం కాదు.

ఈల వస్తుంటే ఊపిరి తగ్గించండి. ఈల వచ్చినప్పుడు ఎవరైనా ముందుగా చేసేది ఇంకా బలంగా ఊదడం, దాంతో అది ఎక్కువవుతుంది. మెల్లగా, సగం గాలితో పలుకుతూ నాలుక కొనను వెంట్రుకవాసి వెనక్కి జరిపి చూడండి. ఏదో ఒక చోట ఈల ఆగిపోతుంది. ఆ చోటు దొరికాక అక్కడే పదిసార్లు పలకండి. కొందరికి నాలుక కొన పై చిగురు వెనక ఉన్నప్పుడు బాగా వస్తుంది, కొందరికి కొన కింది పళ్ల వెనక ఆనినప్పుడు వస్తుంది. రెండూ సరైనవే. ఇదివరకు మీది మొదటి పద్ధతి అయితే ఇప్పుడు రెండోది ప్రయత్నించి చూడండి, సిమెంటు ఉన్నన్నాళ్లూ కింది దవడను కొద్దిగా ముందుకు తెచ్చి ముందు పళ్ల అంచులు ఎదురెదురుగా పెట్టడం కూడా సందును తగ్గిస్తుంది.

బుస వస్తుంటే పని కొనతో కాదు, అంచులతో. ‘ఈ’ అని సాగదీయండి. అప్పుడు నాలుక అంచులు పై దవడ పళ్లకు ఆనుకున్నట్టు మీకే తెలుస్తుంది. ఆ అంచులు కదలనివ్వకుండా ‘ఈ’లోంచి ‘స్’లోకి వెళ్లండి: ‘ఈస్, ఈస్, ఈస్’. తర్వాత ‘సీ’. అందుకే ‘సీసా, సీమ, సీత’ ముందుగా సరిగ్గా వస్తాయి, ‘సాయం, సోకు’ ఆ తర్వాత వస్తాయి. మీ రికార్డులో కూడా ఇలాగే ఉండవచ్చు, గమనించండి.

‘శ’, ‘ష’ల గురించి ఇప్పుడు పట్టించుకోకండి. వాటి శబ్దం ‘స’ అంత పదునుగా ఉండనక్కర్లేదు, ‘స’ దారిలో పడితే అవి వెనకే వస్తాయి.

ఒకేసారి గంట కూర్చోకండి, నోరు నొప్పెడుతుంది, విసుగొస్తుంది. ఉదయం, సాయంత్రం పది నిమిషాలు చాలు. దానికంటే ముఖ్యమైనది మిగతా రోజంతా మామూలుగా మాట్లాడటం. మీరు ఉండేది హాస్టల్‌లో అన్నారు కాబట్టి, రూమ్మేట్‌కు రోజూ సెల్ఫ్ ఇంట్రడక్షన్ అప్పజెప్పండి. ఇంగ్లిష్‌లో మీకు గట్టి పరీక్ష పెట్టేవి ‘సిస్టమ్స్’, ‘ప్రాసెస్’, ‘స్ట్రెంగ్త్స్’, ‘సెమిస్టర్’, ‘ప్రాజెక్ట్స్’ లాంటి మాటలు. తెలుగులో మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది, ఇంగ్లిష్‌లో ‘స్’తోనే ఆగిపోయే మాటలు చాలా. మాట చివరి ‘స్’ను సాగదీయకుండా చిన్నగా తాకి వదిలేయండి. ఈల పుట్టేది సాగదీసినప్పుడే.

ఇంటర్వ్యూ తేదీ తెలియగానే ఆర్థోడాంటిస్ట్‌కు ఫోన్ చేసి, ఆ తేదీకి ముందు మూడు నాలుగు రోజుల్లో తీగ మార్చడం, బిగించడం పెట్టుకోవద్దని అడగండి. బిగించిన మర్నాడే నొప్పి ఎక్కువగా ఉంటుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. నొప్పిగా ఉన్నప్పుడు దవడ సరిగ్గా తెరవరు, మాట ముద్దగా వస్తుంది. ఆ లోపు రబ్బరు బ్యాండ్లు వేయమంటే, ఇంటర్వ్యూ గంటసేపు తీయవచ్చా అని కూడా అడగండి. సాధారణంగా ఒప్పుకుంటారు, కానీ మీ అంతట మీరు తీయకండి.

మొదటి రౌండ్ ఫోన్‌లో అయితే మీకు కొంత లాభమే. ‘స’ శబ్దంలో పదును చాలావరకు 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. పాతకాలపు ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకెళ్తుంది, కాబట్టి ఎవరి ‘స’ అయినా అందులో సగం ఎగిరిపోతుంది. ఇప్పటి 4జీ కాల్స్, వీడియో కాల్స్ అంతకంటే ఎక్కువే మోస్తాయి కాబట్టి వాటిలో ఆ లాభం తక్కువ. వీడియో రౌండ్‌లో హెడ్‌సెట్ మైకు నోటికి ఎదురుగా కాకుండా బుగ్గ పక్కకు తిప్పి పెట్టుకోండి. పక్కన నీళ్లు పెట్టుకుని, జవాబుకు జవాబుకు మధ్య ఒక గుక్క తాగండి. ఎదురుగా కూర్చునే రౌండ్‌లో, మీ అంతట మీరు క్షమాపణ చెబుతూ మొదలుపెట్టవద్దని నా అభిప్రాయం. వాళ్లు మళ్లీ చెప్పమంటే మాత్రం ‘ఈ మధ్యే బ్రేసెస్ వేశారండీ’ అని ఒక్క ముక్క చెప్పి, అదే వాక్యం మెల్లగా మళ్లీ చెప్పండి.

ఇంటర్వ్యూల కోసం క్లిప్పులు తీయించి మళ్లీ వేయించుకోవడం మాటకు మేలు చేయదు. మళ్లీ వేసినప్పుడు నాలుక మొదటినుంచి నేర్చుకోవాలి, పళ్లు తీసిన ఖాళీలు ఎలాగూ అలాగే ఉంటాయి, ఈలోగా కదిలిన పళ్లు వెనక్కి జరుగుతాయి. దానికి బదులు వచ్చే విజిట్‌లో డాక్టర్‌ను అడగవలసిన మాట ఒకటుంది: ‘ఈ సిమెంటు ఎత్తు కొంచెం తగ్గించవచ్చా, ఎన్నాళ్లు ఉంచుతారు?’ కాటు కొద్దిగా విడిపోయాక అరగదీయడం, తీసేయడం మామూలే. ఎప్పుడు అనేది పళ్లను చూసి ఆయనే చెప్పాలి, గోటితో గీకి మీరే తీయకండి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. పళ్ల లోపలి వైపు వేసే క్లిప్పులు, అంటే లింగ్వల్ బ్రేసెస్, బయటికి కనబడవు గానీ మాటకు చాలా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ‘త, ద, న, ల, స’ అన్నీ అక్కడే పుడతాయి కాబట్టి సర్దుకోవడానికి నెల, కొందరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. పాఠాలు చెప్పేవాళ్లు, కాల్ సెంటర్‌లో పనిచేసేవాళ్లు డబ్బు కట్టే ముందు ఈ సంగతి డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. అలైనర్లతో, అంటే పళ్లకు తొడిగి తీసే పారదర్శకమైన తొడుగులతో, వచ్చే తేడా చిన్నది, మాట్లాడటానికని వాటిని తీస్తూ పెడుతూ ఉంటేనే అది పోదు. పిల్లలకు అంగిలి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ వేస్తే ‘ట, డ, ళ’లతో సహా చాలా అక్షరాలు కొన్నాళ్లు మొద్దుగా వస్తాయి. దానిలోని స్క్రూ తిప్పుతూ పోయే కొద్దీ పై ముందు పళ్ల మధ్య సందు తెరుచుకుంటుంది, ఆ సందులోంచి ఈల వస్తుంది. స్క్రూ పనిచేస్తోందనడానికి ఆ సందే గుర్తు, తర్వాత పళ్లు వాటంతట అవే దగ్గరవుతాయి. పిల్లవాడిని బడిలో వెక్కిరించకుండా టీచర్‌కు ఒక మాట ముందే చెప్పి ఉంచండి. క్లిప్పులు తీసేశాక ఇచ్చే ప్లేటు లాంటి రిటైనర్‌తో కూడా కొన్ని రోజులు ఇదే ఇబ్బంది ఉంటుంది, అంగిలి మందమవుతుంది కాబట్టి. మాట బాగోలేదని దాన్ని డబ్బాలో పెట్టేస్తే పళ్లు మళ్లీ కదులుతాయి. పెట్టుకునే గట్టిగా చదవండి.

థెరపిస్ట్ ఎప్పుడు? మామూలు క్లిప్పులతో చాలామందికి కొన్ని రోజులనుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. మీకు సిమెంటు, ఖాళీలు ఉన్నాయి కాబట్టి ఇంకొంచెం పట్టవచ్చు. రెండు నెలలైనా రికార్డులో ఏ మార్పూ లేకపోతే రండి. క్లిప్పులకు ముందునుంచే ‘స’ తేడాగా ఉన్నవాళ్లు, మింగేటప్పుడు నాలుక పళ్ల మధ్యకు తోసుకువచ్చేవాళ్లు, ముందు పళ్లు అసలు కలవనివాళ్లు అంత కాలం ఆగనక్కర్లేదు, వాళ్లకు పళ్లు సర్దినంత మాత్రాన మాట సర్దుకోదు, రెండూ కలిపి చేయించాలి. నాలుకో పెదవో మొద్దుబారినట్టుంటే, వాపుంటే, మాట ఒక్కసారిగా ముద్దగా అయితే అది క్లిప్పుల అలవాటు సంగతి కాదు, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. థెరపిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు ఈ వృత్తివాళ్లను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడం మీ హక్కు. హైదరాబాద్ వైపు ఉండేవాళ్లకు సికింద్రాబాద్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ ప్రైవేటు ఫీజులంత భారం ఉండదు.

మీ మొదటి రికార్డు విని, గీతలు గీసిన పేరా ఫోటో ఇక్కడే పెట్టండి. ఈల ఎక్కడ, బుస ఎక్కడ అని గుర్తు పెడితే చాలు, ఏ మాటలతో మొదలుపెట్టాలో రాస్తాను.